పత్తిచేను గట్టు గోంగూర

మూడేళ్ల క్రితం వానాకాలంలో, సత్తెనపల్లి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. అత్తయ్య పత్తిచేను గట్టున గోంగూర కోసుకొచ్చి పచ్చడి నూరి, వేడన్నంలో కలిపి అందరికీ ముద్దలు పెడుతున్నారు. అప్పుడే వచ్చిన మామయ్య గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఆ గోంగూర మన పత్తిచేను గట్టుదా ఏమిటే? పొద్దున్నే ఆ చేనుకి పురుగుమందు కొట్టించాను!”

అత్తయ్య చేతిలో ముద్ద జారిపోయింది. నాలుగేళ్ల మా బాబు అప్పటికే తినేసి, “ఇంకో ముద్ద నాన్నమ్మా!” అంటున్నాడు. వాణ్ణి ఎత్తుకుని అందరం ఆటోలో ఆసుపత్రికి బయల్దేరాం. వాడు కళ్లు మూస్తే చాలు, “నిద్రపోకు నాన్నా” అంటూ కుదిపేసేదాన్ని.

సాయంత్రం దాకా కనిపెట్టి చూసి, భయం లేదన్నారు డాక్టరుగారు. అత్తయ్య మాత్రం ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇప్పటికీ మామయ్య సరేనన్నాకే ఆ ఇంట్లో ఆకుకూర పొయ్యెక్కుతుంది.