భావనపాడు గాలిలో సంకేత భాష

మొన్న నేను భావనపాడులో గూఢచారుల ముఠాని పట్టేశాను. ఒకడూ ఇద్దరూ కాదు, సైటు సైటంతా! నవ్వకండి, నవ్వడానికి ఇంకా టైముంది. టీ చల్లారకముందే ముందు మా బావ సంగతి చెప్పనివ్వండి.

రమణ బావ మా అక్క మొగుడు. భావనపాడు ఒడ్డున ఏదో గోడ కడుతున్న సైటులో వాకీటాకీలు చూసుకునే పని. చేరి కొన్ని నెలలే, ఇంకా టెంపరరీ. పాపం, ఆయన చేరాకే సెట్లు మొరాయించడం మొదలెట్టాయి. ఎవరు బటన్ నొక్కినా బొయ్య్‌మని బిజీ టోను! ఇంజినీరు గారు విసిగిపోయి, "శనివారంలోగా కారణం పట్టుకుంటే పర్మనెంటు. లేదంటే వేరే మనిషిని చూసుకుంటాం" అనేశారట.

అక్క ఫోన్ చేసింది. ఏడుపొక్కటే తక్కువ. "ఒసే, ఎలట్రానిక్స్ సదివినావు గదా! మీ బావకి బేగి ఏదో దారి సూపించు."

నేను శ్రీకాకుళంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను. కానీ మరదలు పిల్లని కదా, బావ ముందు తగ్గుతానా? "అదెంత పని!" అనేశాను.

ఆ సైటులో ఉన్నది ట్రంకింగ్ సిస్టమ్. కంగారు పడకండి, మన ఆటో స్టాండు లాంటిదే. ఆటోలు, అంటే మాటలు మోసే చానెళ్లు, నాలుగే; ఎక్కేవాళ్లు బోలెడుమంది. బటన్ నొక్కినవాడికల్లా ఖాళీ ఆటో చూపించి "ఇందులో ఎక్కు" అని పంపేవాడొకడు ఉంటాడు. వాడి పేరు కంట్రోల్ చానెల్. రోజంతా కందిరీగలా జుయ్య్‌మంటూనే ఉంటాడు. ఎవరు నొక్కారు, ఎంతసేపు మాట్లాడారు, అంతా ఆ రొదలోనే ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కి వినిపిస్తే విప్పి తెర మీద చూపిస్తుంది.

ఆ రొదని గాలిలోంచి పట్టే రేడియోని స్కానర్ అంటారు; కాకపోతే దాని స్పీకర్లోంచి వచ్చేది వడకట్టిన టీ. మన చెవికి బావుంటుంది, కంప్యూటర్‌కి పనికిరాదు. దానికి పొడితో సహా గిన్నెలోదే కావాలి. అంటే స్కానర్ మూత విప్పి, లోపలి చిప్పు కాలికి తీగ అతికించి, వడపోతకు ముందే బయటికి లాగాలి.

షాపులో ఓ పాత స్కానర్ ఉంటే విప్పాను. దోమ కాలంత చిప్పు కాలు! ఊపిరి బిగబట్టి తీగ అతికించాను. అతుక్కుంది! ఆ ఆనందంలో చెయ్యి ఊపేసరికి వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలి స్పీకర్ తీగ తెగిపోయింది. "పోతే పోయిందిలే, డేటాకి చెవులెందుకు" అనుకున్నాను. నా కథంతా ఇక్కడే తగలబడింది.

మర్నాడు పొద్దున్నే బండి మీద నౌపడ ఉప్పు మళ్లు దాటుకుని సైటుకెళ్లాను. ఇంజినీరు గారు, "మా సిస్టమే కదమ్మా, చూసుకో" అన్నారు. బావ మాత్రం నా చేతిలో తీగలు వేలాడుతున్న డబ్బా చూసి నాలుగడుగులు వెనక్కేశాడు.

"ఏటే ఇది? పేల్తాదేటి?"

"నీ ఉద్యోగం బావా. జాగ్రత్తగా పట్టుకో."

లాప్‌టాప్‌కి తగిలించాను. తెర మీద వరసలు చకచకా పరిగెత్తాయి! నేను ఎగిరి గంతేశాను. తర్వాత వరసలు చదివితే ఒళ్లు జలదరించింది. ఎవరూ మాట్లాడటం లేదు! ఒకడు నొక్కుతాడు, రెప్పపాటులో వదిలేస్తాడు. వెంటనే ఇంకొకడు. ఆ వెంటనే మరొకడు. టక్, టక్, టక్.

"బావా, ఇవి మాటలు కావు. కోడ్! ఎవరో రహస్యంగా సంకేతాలు పంపుకుంటున్నారు!"

"ఒసే, నోరు ముయ్యవే! ఉన్న టెంపరరీ కూడా పోతాది!"

అప్పటికే నేను ఇంజినీరు గారి టేబుల్ ముందున్నాను. ఆయన మొహం మారిపోయింది. "ఎవరమ్మా? ఏ సెట్టు?"

"అన్నీ సార్. ముఠా పెద్దదే."

బావ గోడకి చేరగిలబడిపోయాడు. ఇంజినీరు గారు పక్కనున్న సెట్టొకటి తీసి, సౌండు పెంచారు.

"ఇసక బండి వచ్చినాది!"

"ఏటి?"

"ఇసక మావా, ఇసక!"

"ఏటీ?"

"ఏటి, నన్ను పిల్సినావా?"

"నిన్ను కాదెహె!"

"ఏటి?"

నా డబ్బాకి స్పీకరు తెగకుండా ఉండుంటే ఇది నాకు ముందే వినపడేది! సముద్రం గాలి హోరులో ఎవడి మాటా ఎవడికీ వినపడదు. వినపడనివాడల్లా బటన్ నొక్కి "ఏటి?" అంటాడు. ఒక్కో "ఏటి?"కి ఒక్కో ఆటో! పైగా వాడు దిగిపోయినా, ఇంకేమైనా అంటాడేమోనని ఆటో కాసేపు అక్కడే నిలబడుతుంది. నాలుగు ఆటోల్లోనూ నాలుగు "ఏటి"లు దర్జాగా కూచుంటే ఇసక ఎక్కడ ఎక్కుతుంది? బిజీ టోనే!

ఇంజినీరు గారు సెట్టు నా చేతికిచ్చారు. "మీ ముఠాకి మీరే చెప్పండి మేడం."

గొంతు సవరించుకున్నాను. "అందరికీ నమస్కారమండీ. ఇకనుంచి వినపడకపోతే ఏటి, ఏటి అని నొక్కకండి. కాస్త ఆగండి. అర్థమైందా?"

బటన్ వదిలాను. బావ వైపు గర్వంగా చూశాను. అంతే, తెర నిండిపోయింది!

"ఏటీ?"

"ఏటంతన్నాది?"

"ఎవుల గుంటది? ఎవులింటి పిల్ల?"

"ఏటి అనకపోతే మరేటనాలి?"

ఇంకోసారి చెప్పబోతే నాకే బిజీ టోను.

ఇంజినీరు గారు టేబుల్ మీద తల వాల్చేసి నవ్వారు. కళ్లు తుడుచుకుని, "మనుషుల్ని మార్చలేం. సెట్టింగు మారుద్దాం. మాట అయ్యాక చానెల్ నిలబడే టైము తగ్గించెయ్ రమణా" అన్నారు.

బావ వెంటనే తగ్గించాడు. "ఏటి"లు ఒక్కటీ తగ్గలేదు గానీ బిజీ టోను మాయం! ఇసక, సిమెంటు, క్రేను అన్నీ ఒకదాని వెనక ఒకటి చక్కగా వెళ్లిపోతున్నాయి. ఇంజినీరు గారు చాలాసేపు విన్నారు.

"ఈ 'ఏటి'లని కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి ఎప్పుడూ ఉండాల్సిందే. నిన్ను పర్మనెంటు చేస్తున్నానయ్యా."

"ఏటండీ?" అన్నాడు బావ.

"ఇంకోసారి అడిగావంటే మానేస్తాను."

అక్క ఆ రోజు పీతల కూర వండి పెట్టింది. బావ పెద్ద ముక్కలన్నీ నా కంచంలోకే వేశాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ సైటులో వాళ్లు నాకు "ఏటి మేడం" అని పేరు పెట్టేశారట! ఎవరలా పిలిచినా పలకకూడదని గట్టిగా అనుకున్నాను. నిన్న బజార్లో వెనకనుంచి ఎవరో, "ఏటి మేడం!" అని కేకేశారు.

అస్సలు పలక్కూడదనుకుంటూనే తిరిగి చూసి, "ఏటి?" అనేశాను.