బండ మీద కంది గింజలు

ఇవాళ తాండూరు బడిలో ఐదో తరగతి పిల్లలను కేంద్ర ప్రభుత్వ హాస్టలు బడి ప్రవేశ పరీక్షకు తయారుచేస్తూ, ఓఎంఆర్ షీట్లు నింపిస్తున్నాను. నా చిన్ననాటి క్లాస్‌మేట్లారా, మీకు గుర్తుందా? మన సారు తరగతి గది నేలకు పరిచిన షాబాదు బండల మీద సుద్దతో సున్నాలు గీసేవారు. సరైన జవాబు సున్నాలో మనం కంది గింజ పెట్టాలి.

నేనెప్పుడూ నా పక్కన కూర్చునే మల్లమ్మ చెయ్యి చూసే పెట్టేదాన్ని. "జర నువ్వు గూడ బుర్రపెట్టి సోంచాయించు పిల్లా" అనేది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టేది కాదు.

పరీక్షనాడు ఆమెను ఇంట్లోవాళ్లు కంది కోతకు తీసుకుపోయారు. పక్క బెంచీ ఖాళీ. నేనొక్కదాన్నే పాసయ్యాను. హాస్టల్లో ఏడేళ్లు పక్క మంచం మీద ఎవరున్నా, మల్లమ్మ కాదు.

"టీచర్, గిది నా షీట్ల చూస్తున్నది!" అని ఇప్పుడే ఒక పాప ఫిర్యాదు చేసింది.

కోప్పడబోయి ఆగాను.

"ఇయ్యాల చూడనీ బిడ్డా. పరీక్షనాడు మాత్రం ఇద్దరు కలిసి రాండ్రి."