మువ్వల పట్టీలు

పెళ్లయి చీపురుపల్లి వచ్చిన కొత్తలో మా అత్తగారికీ నాకూ పెద్దగా మాటలుండేవి కావు. మా ఆడపడుచు పెళ్లి దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో ఉన్న వెండంతా పెరట్లో పరిచి, "రా, తోమీద్దాం" అని పిలిచింది. కుంకుడు రసంలో నానబెట్టి, పళ్లపొడి అద్ది, పాత బ్రష్షులతో రుద్దుతూ కూర్చున్నాం.

నా చేతికి ఒక జత పట్టీలు వచ్చాయి. బొగ్గులా నల్లబడిపోయాయి. చాలాసేపు రుద్దాక తెల్లబడి, మువ్వలు ఘల్లుమన్నాయి.

"ఇవెవరివత్తయ్యా?"

"నావేనే. మా యమ్మ పెట్టింది. మా అత్తకి సప్పుడు పడీది కాదు. తీసీమంది, తీసీసినాను. ఆవిడ పోయినాక పెట్టుకుందామంటే పిల్లలు పెద్దోలైపోనారు. సిగ్గేసింది."

నేను ఆవిడ పాదాలు తుడిచి పట్టీలు పెట్టబోయాను. "ఒసే, ఒద్దే! నలుగురూ నవ్వుతారు" అంటూనే కాళ్లు చాపింది. తర్వాత లేచి, చీర కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని, వంటింట్లోంచి వసారా దాకా నడిచింది.

గదిలోంచి మావగారు కేకేశారు. "ఎవులొచ్చినారే?"

"ఎవులూ రానేదు. నానే" అంది అత్తగారు, నవ్వాపుకుంటూ.

బతికినన్నాళ్లూ ఆవిడ మళ్లీ వాటిని తియ్యలేదు. నల్లబడినప్పుడల్లా పెరట్లో కాళ్లు చాపుకుని కూర్చుని, "రాయే, తోము" అనేది. కాళ్లకుండగానే తోమేదాన్ని. బ్రష్షు తగిలితే చక్కిలిగిలని చిన్నపిల్లలా నవ్వేది.