ముడి వెయ్యని కండె

నా చిన్నప్పుడు చదువు నాకు పెదాల మీద కనిపించేదే తప్ప చెవికి వినిపించేది కాదు. సూరత్‌లో, ఉధ్నా వైపు, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతవాళ్ళ వాడ మాది. మా గదికి ఆనుకునే మరమగ్గాల షెడ్డు ఉండేది. ఆ చప్పుడులోనే పక్కింటి అక్క గుమ్మంలో కూర్చుని పాఠం పైకి చదువుకునేది. ఒక్క మాటా అందేది కాదు. ఆమె పెదాలు కదలడం, మధ్యలో ఎక్కడో తనలో తాను నవ్వుకోవడం మాత్రం కనిపించేవి. ఎందుకు నవ్విందో తెలియక నాకు ఒళ్ళు మండిపోయేది.

అక్క మెట్రిక్ చదివేది. పిండి పిసుకుతూ మోచేత్తో పేజీ తిప్పేది. పల్లీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా విప్పి, రెండు వైపులా చదివాకే పారేసేది. కొత్త నోటుబుక్కు చేతికొచ్చిన రోజు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కాసేపు ఉండిపోయేది. వారానికి ఒకరోజు కరెంటు తీసేవారు, మగ్గాలు ఆగేవి. ఆ ఒక్క రోజు ఆమె గొంతు వినపడేది. వాడలోని పిల్లలం అందరం ఆ గుమ్మం ముందే ఉండేవాళ్ళం.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. బడికి పోలేదు. మా నాన్న, బాపు, నడిపే మగ్గానికి కండెలు చుట్టడం నా పని. కండె అంటే, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారం చుట్ట. అందులోంచి దారం వస్తున్నంతసేపే గుడ్డ పెరుగుతుంది. నా బుట్ట నిండితే రెండు అక్షరాలు చెప్తానని అక్క నాతో ఒప్పందం చేసుకుంది.

ఆ రెండు అక్షరాల కోసం నేను దొంగపని మొదలుపెట్టాను. చుట్టేటప్పుడు దారం తెగితే రాట్నం ఆపాలి, తెగిన కొస వెతకాలి, ముడి వెయ్యాలి. నేను ఆపడం మానేశాను. తెగిన కొసను కిందికి అదిమి, దాని మీదనుంచే చుట్టేసేదాన్ని. పైకి కండె నున్నగా ఉండేది. బుట్ట తొందరగా నిండేది. అలా 'ఠ' దాకా వచ్చాను.

ఒకరోజు మగ్గాల యజమాని శేఠ్ తాకా వెనక్కి పంపాడు. తాకా అంటే మగ్గం మీంచి కోసిన మొత్తం గుడ్డ. ముడి లేని చోట దారం హఠాత్తుగా అయిపోయి, మగ్గం ఆగేలోపే గుడ్డలో సన్నని సందు పడుతుంది. అలాంటి సందులు ఆ తాకా నిండా ఉన్నాయి. బాపు నా చెవి పట్టుకోబోతే అక్క అడ్డం వచ్చింది.

"పిల్లను ఏమనకు కాకా. జల్ది జల్ది అని నేనే ఎంట పడ్డ. తప్పు నాది."

"అట్లయితే నీ సదువు నీ ఇంట్లనే పెట్టుకో బిడ్డా. ఇదేమన్న కలెక్టరైతదా ఏంది?" అన్నాడు బాపు.

నా అక్షరాలు అక్కడితో ఆగాయి. తప్పు నాదేనని నేను నోరు విప్పలేదు. అక్క నా వంక చూసింది, నేను నేల వంక చూశాను.

ఆ సాయంత్రమే అక్క నన్ను పిలిచి, ఆ గుడ్డను గుమ్మంలో వెలుతురుకి పట్టింది. "ఇగో, గీడొకటి, గీడొకటి. నువ్వు దాసిన కాడల్లా గుడ్డ చెప్తున్నది సూడు." తిట్టలేదు. "తెగితె ఆపు. ఆపినందుకు ఎవ్వరు ఏమనరు. అన్నా, జరసేపే అంటరు."

ఇలాంటి జ్ఞాపకాలను అందరూ తియ్యగా రాస్తారట. నేను అలా రాయలేను. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ రోజు నన్ను దెబ్బలు తిననిచ్చి ఉంటే చెవి ఒక పూట ఎర్రబడేది, అక్షరాలు మాత్రం ఆగేవి కావు. ఆమె మంచితనం, నా మూగతనం రెండూ కలిసి నన్ను యాభై ఏళ్ళు వేలిముద్ర దగ్గరే కూర్చోబెట్టాయి. పరీక్షలు అయ్యాక అక్కవాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. మళ్ళీ కనిపించలేదు.

కరోనా వచ్చి మగ్గాలు ఆగాక, వారాల తరబడి ఉధ్నాలో చప్పుడే లేదు. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు గోడకు కాళ్ళు ఆనించి పడుకుని, వాళ్ళమ్మ దగ్గరున్న తెలుగు కథల పుస్తకాలు ఒక్కోటి మూడేసిసార్లు చదివేది. మధ్యలో నవ్వేది. అదే నవ్వు. ఈసారి ఊరుకోలేదు, నాకూ నేర్పమన్నాను. మూడు నెలలకు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చాయి, వచ్చాయనే అనుకున్నాను. ఒకనాడు ఒక పడవ కథ దానికి గడగడా చదివి వినిపించాను.

అది పుస్తకం లాక్కుని చూసి పడీ పడీ నవ్వింది. "నానమ్మా, గా పడవ మునిగిపోయింది. నువ్వు ఒడ్డుకెట్ల తెచ్చినవ్?"

"పాపం గదా అని తెచ్చిన," అన్నాను.

"పప్పా, దాదీ చీటింగ్ చేస్తుంది," అని వాళ్ళ నాన్నకు కేకేసింది.

వాళ్ళు నవ్వారు కానీ నాకు నవ్వు రాలేదు. రాని మాట దగ్గర ఆగకుండా, తోచింది అతికించి, పైనుంచి చుట్టేశాను. అరవై దాటినా అదే దొంగపని. ఆ తాకాను వెలుతురుకి ఎత్తి పట్టుకున్న అక్క చేతులు కళ్ళముందు కనిపించాయి. పుస్తకం అడిగి తీసుకుని, "అవును, నాకు రాలేదు. మొదటినుంచి చదువుతా, తప్పయితే ఆపు," అన్నాను. బాపు ముందు అనాల్సిన మాట మనవరాలి ముందు అన్నాను.

అప్పటినుంచి రాని మాట దగ్గర ఆగుతున్నాను. ఆగడం ఎంత విసుగో చదువుకున్నవాళ్ళకు తెలియదు. పేజీకి ఒక మధ్యాహ్నం పడుతుంది. అడుగుదామంటే పిల్లకు ఫోనులో క్లాసు. రెండో ఏడు కూడా బడి తెరవలేదు. కళ్ళద్దాలు మార్పించుకుందామంటే దుకాణం ఒకరోజు తీస్తే రెండు రోజులు మూత. ఈ నాలుగు మాటలు రాయడానికే వారం పట్టింది. ఎక్కడెక్కడ ఆగానో మనవరాలికి తెలుసు.

ఇప్పుడు కూడా ఒక మాట దగ్గర ఆగి ఉన్నాను. మూడు ఒత్తులున్న మాట. మనవరాలు చెవిలో తీగలు పెట్టుకుని క్లాసు వింటోంది, ఇంకో అరగంట పడుతుందని వేళ్ళతో సైగ చేసింది. పక్క వాక్యం తేలికగానే ఉంది, దూకితే కథ తెలిసిపోతుంది. దూకను. వేలు ఆ మాట మీదే పెట్టి కూర్చున్నాను.