తడిస్తేనే అంటించాలి

మొగుడూ పెళ్ళాలు కలిసి సినిమాలకు పోతారు, తిరుపతికి పోతారు. మేం వానకు పోతాం. బత్తలపల్లి దగ్గర మా ఊళ్ళో మా ఆయనకు బట్టల అంగడి ఉంది. మధ్యాహ్నం కాగానే మిద్దెక్కి చూస్తాడు. ఎక్కడైనా మబ్బు కిందికి జారినట్టు కనిపిస్తే చాలు, గిరాకీ ఎదురుగా కూర్చున్నా చీర మడత పెట్టేసి తలుపు మూసేస్తాడు. నేను పొయ్యి ఆర్పి బండెక్కుతాను. కంబదూరైనా సరే, తనకల్లైనా సరే, వాన దొరికేదాకా పోయి, దొరికినచోట దిగి, రోడ్డు పక్కన నిలబడి తడుస్తాం. టీ అంగడి రేకుల కింద దూరిన జనం మమ్మల్ని వింతగా చూస్తారు. ఒకసారి ఒక ముసలామె నన్ను చాటుకు పిలిచి, "ఏమ్మా, ఆయప్పకు బాగలేదా?" అని అడిగింది. "ఇద్దరికీ బాగలేదవ్వా" అన్నాను.

తడిసిన చోటల్లా గుర్తుగా గుప్పెడు మన్ను తెచ్చేవాళ్ళం. అంగడిలో మిగిలిన గుడ్డపీలికల్లో మూటలు కట్టిపెడితే వంటింటి గూడు నిండిపోయింది. పప్పు డబ్బా కోసం చెయ్యి పెడితే కంబదూరు తగిలేది. ఒకరోజు ఒంటికాలి మీద లేచాను. "ఈ ఇంట్లో ఈ మన్నన్నా ఉండాల, నేనన్నా ఉండాల." ఆయన ఆలోచనలో పడ్డాడు. అంతసేపు ఆలోచించడం నాకు నచ్చలేదు. చివరికి అంగడి పాత తలుపు చెక్క ఒకటి మోసుకొచ్చి నా ముందు పడేసి, "బొమ్మ చేద్దాం" అన్నాడు.

తుమ్మజిగురు పూసి, మేం తడిసిన ఊళ్ళన్నీ ఏ దిక్కున ఉన్నవి ఆ దిక్కున, ఆ ఊరి మన్నుతోనే అంటించాను. గుట్టలకు చెనిక్కాయ పొట్టు వాడాను. మబ్బులకు ఆయన లంగా గుడ్డ కత్తిరించి ఇచ్చాడు. వాన ధారలకు ధర్మవరం మగ్గాల దగ్గర పట్టుదారం తుక్కు అడిగి తెచ్చాం. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: మేమిద్దరం తడవని ఊరి మన్ను చెక్క ఎక్కకూడదు.

బొమ్మ నిండింది, నడిమధ్యన అరచేయంత చోటు తప్ప. అది మా ఊరు. మా ఊళ్ళో అసలు వాన పడలేదని కాదు. పడిన ప్రతిసారీ మేం ఇంకెక్కడో వానను వెతుక్కుంటూ ఉన్నాం. తనకల్లు దాకా తరుముకుంటూ పోయిన మబ్బు మా కళ్ళముందే విడిపోయిన రోజు పక్కింటామె ఫోన్ చేసింది. "అక్కా, ఈడ కుండపోత! మిద్దె మీద నీ చీరలన్నీ తడిసిపోతాండాయి." చీరలకున్న అదృష్టం మాకు లేదు. బండి ఉరికించి వచ్చేసరికి ఊళ్ళో కింద బురద, పైన ఎండ. ఆయన చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూలబడ్డాడు.

"మనూర్లో మనిద్దరం కలిసి ఒకతూరి తడిసే రాత లేదేమే?"

నవ్వుదామనుకున్నదాన్ని, ఆయన మొహం చూసి నవ్వలేకపోయాను. "ఇంటి ముందర మన్ను పిడికెడు తీసి అంటిస్తే ఎవురికి తెలుస్తాది?" అన్నాను. "మనకు తెలుస్తాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ ఆయన మాట నిజం.

ఇక వానకు పోవడం మానేశాం. మా ఊళ్ళోనే కాచుకోవాలని పంతం పట్టాం. బొమ్మను వరండాలో ఆనించి, పక్కన జిగురు గిన్నె పెట్టుకుని, ఆకాశం చూడటమే పని. వాన రాలేదు. జిగురు గట్టిపడేది, నీళ్ళు పోసి మళ్ళీ కలిపేదాన్ని. ఇంతలో వేరుశనగ చేలల్లో చెనిక్కాయకు ఊడలు నేలలోకి దిగే సమయం వచ్చింది. నేల తడవకపోతే ఊడ దిగదు, కాయ పట్టదు.

ఒక పొద్దున రైతులు గుంపుగా వచ్చి మా వాకిట్లో నిలబడ్డారు. ముందున్న ఎదురింటి రైతు చేతిలో సీసా నిండా పెట్రోలు.

"అన్నా, మీరు యాడికన్నా పోండి."

"ఏమప్పా, మేమేం చేసినాం?"

"మీరు ఊర్లో ఉంటే వాన రాదన్నా. మీరు పోయినప్పుడే కురిసింది, ఊరంతా చూసినారు. దయజేసి పోండి. పెట్రోలు మాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వానను ఆపేదానికి మేమేమన్నా దయ్యాలమా?" అని అరిచాను. "అట్ల కాదు వదినా. మీరు మంచోళ్ళే, కానీ పోవాల" అన్నాడు ఎంతో మర్యాదగా. మా ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ లోపలికి వచ్చినవాడు, బొమ్మ ముందు నిలబడి నవ్వు మానేశాడు. ఈరోజో రేపో ఆ ఖాళీ నిండుతుందని కళ్ళు కాయలు కాచేలా చూసిన మనిషి. "వాళ్ళ చేండ్లు ఎండిపోతాండాయి" అని నాతో మెల్లగా అని, బండి తాళం తీసుకున్నాడు.

ఊరు దాటి కొంచెం దూరం పోయామో లేదో, వెనక ఉరిమింది. బండి తిప్పి పొలిమేర రాయి దగ్గరికి వచ్చేసరికి రాయికి అవతల వాన, ఇవతల దుమ్ము. గీత గీసినట్టు కురవడం మా వైపు వానకు అలవాటే. చెయ్యి చాపితే అందేంత దూరంలో మా ఊరు తడుస్తోంది. నేను కొంగు బిగించి పరుగెత్తబోయాను. ఆయన నా రెక్క పట్టుకుని ఆపాడు.

"ఉండే. మనం పోతే నిలిచిపోతే?"

పొద్దున నవ్విన మనిషే! "నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాను.

"పట్టనీ. ముందు ఊడ దిగనీ."

ఇద్దరం దుమ్ములో కూర్చుని, మా ఊరి వానను పొరుగూరి వాళ్ళలా చూశాం. నాకు ఏడుపొచ్చింది. ఇంత పిచ్చివాణ్ణి కట్టుకున్నందుకు గర్వంగానూ ఉంది.

వాన పూర్తిగా నిలిచాక ఎదురింటి రైతు నిలువునా తడిసి, మోకాళ్ళ దాకా బురదతో పరుగెత్తుకొచ్చాడు. "నేల తడిసిందన్నా!" అంటూ మా ఆయన్ను గట్టిగా వాటేసుకున్నాడు. వదిలేసరికి మా ఆయన చొక్కా ముందువైపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. దాన్ని చూసుకుని, చేత్తో తడుముకున్నాడు.

"ఇది మనూరి వానే గదప్పా?"

"మరి యాడిది?" అన్నాడు రైతు తికమకపడుతూ.

"ఇద్దరమూ తడవాల" అని గొణుక్కుంటూ మా ఆయన నన్ను దగ్గరికి లాక్కుని, చొక్కా కొసను నా నడినెత్తిన పెట్టి పిండాడు. చుక్కలు పాపిట్లోంచి ముక్కు మీదికి జారాయి. చల్లగా ఉన్నాయి. నేను వెంటనే వంగి, రైతు కాళ్ళకంటిన బురద గీకి కొంగులో వేసుకోసాగాను.

రైతు బెదిరిపోయి కాలు వెనక్కి లాక్కున్నాడు. "వద్దు వదినా, కాళ్ళు పట్టుకోవద్దు! ఇంక మీరు ఊర్లోనే ఉండండి, మిమ్మల్ని ఎవురూ పొమ్మనరు!"

నేను వినకుండా రెండో కాలు పట్టుకున్నాను.