ఏ ఊరి రాహుకాలం?

మస్కట్‌లో మా చెల్లికి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆపరేషన్. "నిన్ను చూడకుండా లోపలికి వెళ్ళనక్కా" అని ఫోన్లో ఏడ్చింది. నాకు దొరికిన విమానం అదే రోజు ఉదయం తొమ్మిదింటికి. దూరం రెండువేల కిలోమీటర్లు దాటుతుందట, ప్రయాణం మూడు గంటలట. తొమ్మిదీ మూడూ పన్నెండు. నేను దిగేసరికే దాన్ని తీసుకెళ్ళిపోతారని గుండె జారిపోయింది.

టికెట్ చూస్తే పదిన్నరకే దిగుతామని ఉంది. అంత దూరం గంటన్నరలోనా? అచ్చుతప్పనుకున్నాను. అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక నడుస్తుందని మావారు బొమ్మ గీసి మరీ చెప్పారు. తల ఊపాను గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

చిక్కడపల్లిలో మా ఇంట్లో పంచాంగం అత్తగారి సొత్తు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని దాన్నీ టికెట్‌నీ పక్కపక్కన పెట్టుకున్నారు.

"శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం. నువ్వు తొమ్మిదికి ఎక్కి పదిన్నరకి దిగుతున్నావు. ప్రయాణమంతా రాహుకాలంలోనే కదమ్మాయ్!"

"మూడు గంటల ప్రయాణమండీ. సగమైనా బయటపడదూ?"

"మరి గాల్లో ఉన్నప్పుడు ఏ ఊరి రాహుకాలం చూడాలి?"

ఎవరేమడిగినా తడుముకోని మనిషి, జవాబు కోసం నావంక చూశారు.

చివరికి పరస్థానం పెట్టమన్నారు. ముందురోజే మంచి ఘడియలో సామాను ఇంకొకరింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. నారాయణగూడలో మా ఆడపడుచు ఇల్లుంది గానీ, సొంతవాళ్ళిల్లు పనికిరాదన్నారు. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్ నడిపే స్నేహితురాలి దగ్గరికి పెట్టె లాక్కుంటూ వెళ్ళాను.

"ఏందక్కా, నువ్వు రేపు పోతే బ్యాగు ఇయ్యాలనే పోతదా?" అని ఆమె నవ్వింది.

"రాహుకాలం..."

"సరే, గా మూలకు పెట్టు. పరేషాన్ గాకు, మంచిగనే అయితది."

మర్నాడు తెల్లారకముందే అక్కడ పెట్టె తీసుకుని విమానాశ్రయానికి పోయాను. విమానంలో దారిపొడవునా వేళ్ళు మడిచి లెక్కేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ వేరే జవాబే వచ్చింది. దిగి, ఆసుపత్రి చేరి చేతి గడియారం చూసుకుంటే ఒంటిగంట దాటింది. మావారు గీసిన బొమ్మ, టికెట్ మీద పదిన్నర, ఏదీ గుర్తు రాలేదు. ఆలస్యమైపోయిందనుకుని ఏడుస్తూ వరండా అంతా పరుగెత్తాను. తలుపు తోస్తే చెల్లి మంచం మీద కూర్చుని ఉంది.

"నిన్ను తీసుకెళ్ళిపోయారనుకున్నానే!"

"ఇంకా పన్నెండు కాలేదక్కా" అంటూ నా చెయ్యి లాక్కుని, గడియారం ముళ్ళు గంటన్నర వెనక్కి తిప్పింది. తిప్పాక చెయ్యి వదల్లేదు.

అంతలో అత్తగారి ఫోను. "రాహుకాలం దాటిందా అమ్మాయ్?"

"దాటిందండీ."

"మనదా, వాళ్ళదా?"

"తెలీదండీ. చెల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను."