పలుకు మీద వార్చిన లోహం

అన్నం వార్చేటప్పుడు గంజి ఆవిరి ముఖానికి తగిలితే చాలు, బోధన్ జూనియర్ కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన సుగుణ మేడం గుర్తొస్తారు. పాఠం చెప్పమంటే వంట చెప్పేవారావిడ. ఆ వంటే నన్ను లోహాల దారిన పెట్టింది.

ఇంటర్ అయ్యాక మెటలర్జీ చదువుతానంటే, చందూర్‌లో చెరకు వేసే మా బాపు ఒప్పుకోలేదు. "ఆడివిల్లకు ఇనుముతోనేం పని?" అన్నాడు. మేడం ఊరుకుంటారా! నిజామాబాద్‌లో జరిగే సైన్స్ ప్రదర్శనకు ఆయన్ని పిలిచారు. "ఒక్క మెతుకు పట్టి సూడుండ్రి, సాలు" అన్నారు. అది చూశాక కూడా వద్దంటే ఇక అడగనని నేను బాపుకు మాటిచ్చాను. నా చదువంతా ఆ ఒక్క రోజు మీద పడింది.

కరిగిన లోహం గడ్డకడుతూ లోపల చెట్టులా కొమ్మలేస్తుందని చూపించాలి. సీసంలో కాస్త తగరం కలిపి కరిగించాం. ముందుగా గడ్డకట్టే సీసం తగరాన్ని పక్కకు నెట్టేస్తుంది. అలా చుట్టూ పోగైన తగరంలోంచి ముందుకు పొడుచుకొచ్చిన సీసం కొసకే ఎదిగే వీలు, దాని పక్కలకు మళ్లీ కొమ్మలు. పుస్తకంలో బాగానే ఉంది. మా మూసలో మాత్రం ప్రతిసారీ నున్నటి దిమ్మే వచ్చేది. నాకు ఏడుపొచ్చింది.

మేడం నెత్తిన మొట్టికాయ వేశారు. "ఇంట్ల అన్నం వండుతవా లేదా? ముద్దయినంక గంజేడికెళ్లి వస్తది? పలుకున్నప్పుడే వార్చాలె!"

అంటే, లోహం సగం గడ్డకట్టగానే మిగిలిన ద్రవాన్ని వంచేయాలన్నమాట.

ప్రదర్శన రోజు బాపు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. మూస అంచుల్లో లోహం బిగుసుకుంటోంది. "ఇంకింత ఆగు... ఆఁ, వార్చు!" అన్నారు మేడం. పట్టకారుతో వంచాను. ద్రవం జారిపోయింది. లోపల వెండిరంగు కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, బారులు తీరి నిలబడ్డాయి! గెలిచానని అరవాలనిపించింది. అరిచాను కూడా. నాకంటే గట్టిగా మేడం అరిచారు.

బాపు వంగి చాలాసేపు చూశాడు. చల్లారాక చేతిలోకి తీసుకుని, "మేడం, గీ సదువు ఏడ జెప్తరు?" అని మాత్రం అడిగాడు. తిరుగు బస్సులో కనబడ్డవాళ్లందరికీ దాన్ని చూపించాడు. "నా బిడ్డ పండించింది" అన్నాడు. తప్పు మాటకు ఎవరినీ వదలని మేడం అదే బస్సులో ఉన్నా, ఆ మాటను మాత్రం దిద్దలేదు.

ఇవాళ నిజామాబాద్‌లో ఒక పోత కార్ఖానా నాది. ఏం చేస్తావని ఎవరైనా అడిగితే పోత పోస్తానని చెప్పను. లోహం పండిస్తానంటాను.